మౌల్‌వుర్ఫ్‌లో నోరు లేదు

జర్మనీలో ఇంటి వెనక పచ్చిక పెంచుకునేవాళ్ళను ఒక చిన్న జంతువు ఏడిపిస్తూ ఉంటుంది. రాత్రి చదునుగా ఉన్న గడ్డి మీద తెల్లారేసరికి నాలుగైదు చోట్ల తాజా మట్టి కుప్పలు లేచి ఉంటాయి. కుప్పల కింద సొరంగాలు, సొరంగాల్లో మఖమల్ లాంటి నల్లటి బొచ్చుతో జానెడు పొడవు కూడా లేని ప్రాణి. ఇంగ్లీషులో దీన్ని మోల్ అంటారు. మన పొలాల్లో ఇది ఉండదు కాబట్టి తెలుగులో జనం పెట్టుకున్న పేరంటూ లేదు. జర్మన్‌లో పేరు మౌల్‌వుర్ఫ్. అక్కడి చట్టం దీన్ని రక్షిత జంతువుల్లో చేర్చింది, చంపకూడదు. కాబట్టి తోట యజమానికి మిగిలేది పొద్దున్నే పార పట్టుకుని కుప్పలు చదును చేసుకునే పనే.

పేరును విడగొట్టడం జర్మన్ నేర్చుకునేవాడికి మొదటి నెలలోనే వచ్చేస్తుంది. "మౌల్" అంటే జంతువు నోరు, మోర. మనిషి నోటికి వాడితే తిట్టులా వినిపిస్తుంది, మనం "మూతి ముయ్" అన్నట్టు. "వుర్ఫ్" అంటే విసురు. కలిపితే నోటి విసురు. మన బడి వ్యాకరణంలో చెప్పాలంటే తృతీయా తత్పురుష, విగ్రహవాక్యం "నోటిచేత విసురుట". మట్టిని నోటితో పైకి విసిరే జంతువు కాబట్టి మౌల్‌వుర్ఫ్. చాలామంది జర్మన్లు కూడా అడిగితే ఇదే చెబుతారు.

చిక్కేమిటంటే మౌల్‌వుర్ఫ్ మట్టిని నోటితో విసరదు. దాని ముందు కాళ్ళు పారల్లా వెడల్పుగా, అరచేతులు బయటికి తిరిగి ఉంటాయి. తవ్వేది వాటితోనే, వదులైన మట్టిని సొరంగంలోంచి పైకి నెట్టేదీ వాటితోనే. నోరు వానపాములు తినడానికి. మరి జంతువును రోజూ చూసే రైతులు దానికి ఇంత తప్పు పేరు ఎలా పెట్టారు? వాళ్ళు పెట్టలేదు. వాళ్ళు పెట్టిన పేరులో నోరే లేదు.

జర్మన్ సమాసాల గురించి మాట్లాడగానే అందరూ పొడవు దగ్గర ఆగిపోతారు. గొడ్డు మాంసం లేబుళ్ళ తనిఖీకి సంబంధించి ఒక రాష్ట్రం 1999లో చేసిన చట్టం పేరు 63 అక్షరాల ఒకే మాట, 2013లో చట్టంతోపాటు ఆ మాట కూడా రద్దయింది అనే కథ ఇంటర్నెట్‌లో వెయ్యిసార్లు తిరిగింది. నిజమే, కానీ ఆ పొడుగు మాటలో రహస్యం ఏమీ లేదు. రైలు పెట్టెల్లా ఒక్కొక్కటీ విప్పుకుంటూ పోతే అర్థం చివరిదాకా దొరుకుతుంది. అసలు మాయ చిన్న మాటల్లో ఉంది, రెండే ముక్కలున్న, రోజూ వాడే మాటల్లో.

విడగొట్టే అలవాటు చాలాసార్లు పని చేస్తుంది కూడా. క్రాంకెన్‌హౌస్ అంటే జబ్బుపడ్డవాళ్ళ ఇల్లు, అంటే ఆసుపత్రి. ష్టాహెల్‌ష్వైన్ అంటే ముళ్ళు, పంది. దాన్ని తెలుగువాడికి ఎవరూ వివరించక్కర్లేదు, మన ముళ్ళపంది అచ్చం అదే. జర్మనీలో పై చదువులకు వెళ్ళే తెలుగు విద్యార్థులు ఏ1, ఏ2 స్థాయిల్లో ఈ కిటుకుతోనే సగం మాటలు పట్టేస్తారు. ఇలా ఓ వంద మాటలు విప్పాక మనసులో ఒక నమ్మకం కుదురుకుంటుంది: జర్మన్ మాట తన పుట్టుకను తన లోపలే రాసిపెట్టుకుంటుందని. మౌల్‌వుర్ఫ్ దెబ్బ కొట్టేది సరిగ్గా ఆ నమ్మకాన్నే.

జర్మన్ భాష రాతలోకి వచ్చిన తొలి శతాబ్దాల్లో, అంటే ఎనిమిదో శతాబ్దం నుంచి పదకొండు దాకా, మఠాల్లో సన్యాసులు లాటిన్ మాటల పక్కన తమ భాషలో అర్థాలు రాసుకునేవారు. ఈ జంతువు లాటిన్ పేరు తల్ప. దాని పక్కన పాత జర్మన్‌లో కనిపించే రూపం మూవెర్ఫ్, మూవెర్ఫో లాంటిది. ఇందులో రెండో ముక్క "విసిరేది". మొదటి ముక్క "మూ" అంటే కుప్ప. ఈ "మూ" జర్మన్‌లో విడిమాటగా ఎప్పుడో చచ్చిపోయింది గానీ చుట్టాల ఇళ్ళలో బతికింది. పాత ఇంగ్లీషులో మూగ అంటే కుప్ప. గడ్డివామికి ఇంగ్లీషు పల్లెల్లో వాడిన "మౌ" అనే మాట దాని వారసురాలే. అంటే మొదటి పేరు "కుప్పలు విసిరేది". జంతువును కాకుండా అది వదిలిన గుర్తును చూసి పెట్టిన పేరు. నేల కింద బతికే ప్రాణిని రైతు చూసేది ఎంత? కనబడేది కుప్పే.

తర్వాత "మూ" అంటే ఏమిటో జనానికి తెలియకుండా పోయింది. అప్పుడు మాటలో మరో ముక్క దూరింది: "మోల్ట్". అంటే మట్టి, ధూళి. ఇంగ్లీషులో మట్టికి వాడే మోల్డ్ దీనికి బంధువు. పేరు మోల్ట్‌వెర్ఫ్, మోల్ట్‌వుర్ఫ్ అయింది, మట్టి విసిరేది. ఇది కూడా చక్కని పేరే, జంతువు చేసే పనికి అతికినట్టు సరిపోయింది. ఇంగ్లీషులో కూడా ఈ జంతువుకు మోల్డ్‌వార్ప్ అనే పాత పేరు ఉండేది. డేనిష్ భాషలో ఇప్పటికీ ముల్‌వార్ప్ అనే అంటారు, అక్కడ మట్టి మట్టిగానే మిగిలింది.

జర్మన్‌లో మట్టి కూడా నిలవలేదు. "మోల్ట్" అనే మాట కూడా వాడుకలోంచి జారిపోయింది. మధ్యయుగాల జర్మన్‌లో మూల్‌వెర్ఫ్, మూల్‌వుర్ఫ్ అనే రూపాలు కనబడతాయి. ఆ కాలంలో "మూల్" అంటే నోరు. చెవికి దగ్గరగా ఉన్న, అర్థం తెలిసిన మాట అదొక్కటే. జంతువుకేమో ముందుకు పొడుచుకొచ్చిన మోర ఉంది, అది మట్టిలో దూరుతూ ఉంటుంది. నోటితో విసురుతుంది అనుకోవడానికి ఆ మాత్రం పోలిక చాలు. కుప్ప పోయి మట్టి వచ్చింది, మట్టి పోయి నోరు వచ్చింది. జంతువు మాత్రం అదే పని అదే కాళ్ళతో చేసుకుపోతోంది.

రెండో ముక్కలో కూడా అతుకు కనబడుతుంది. మొదట్లో అది "విసిరేది" అనే కర్తను చెప్పేది. ఇప్పటి "వుర్ఫ్" విసిరేదాన్ని కాకుండా విసురును చెబుతుంది. నేటి వ్యాకరణం ప్రకారం కొత్తగా ఈ పేరు పెట్టాల్సి వస్తే "మౌల్‌వెర్ఫర్" అనాలి. జంతువును "నోటి విసురు" అని పిలవడం, వంటవాణ్ణి "గరిటె తిప్పుడు" అని పిలిచినట్టుంటుంది. మాటలోని ఇలాంటి కుంటితనాన్ని చూసే వ్యుత్పత్తి వెతికేవాళ్ళు ముందు అనుమానపడతారు.

సమాసంలో ఒక ముక్క విడిగా చచ్చిపోయినప్పుడు భాష ముందు రెండు దారులుంటాయి. అర్థం తెలియకపోయినా అలాగే మోస్తూ పోవచ్చు. లేదా తెలిసిన మాటతో ఆ గుంట పూడ్చుకోవచ్చు. పెళ్ళికొడుకును చెప్పే మాటలో ఇంగ్లీషు, జర్మన్ చెరో దారీ పట్టాయి. రెండింటి పాత రూపంలోనూ "పెళ్ళికూతురు" పక్కన "మగవాడు" అనే మాట ఉండేది, పాత ఇంగ్లీషులో గుమ, పాత జర్మన్‌లో గోమో. రెండు చోట్లా అది చచ్చిపోయింది. జర్మన్లు బ్రోయ్‌టిగామ్ అంటూ ఆ "గామ్"ను అర్థం లేకుండానే ఈనాటికీ పలుకుతున్నారు. ఇంగ్లీషువాళ్ళకు "గుమ" ఏమిటో అంతుపట్టక దాని స్థానంలో "గ్రూమ్"ను కూర్చోబెట్టారు. గ్రూమ్ అంటే కుర్రాడు, పనివాడు, తర్వాత గుర్రాల పనివాడు. పెళ్ళిపీటల మీద ఉన్నవాడికి ఆ పేరు అలా తగులుకుంది.

రాస్ప్‌బెర్రీ పండును జర్మన్‌లో హిమ్‌బేర అంటారు. "బేర" అంటే చిన్న పండు. "హిమ్" అంటే నేటి జర్మన్‌లో ఏమీ లేదు. ఈ మాట వినగానే తెలుగు చెవికి హిమం, మంచు గుర్తుకొచ్చి ఉంటే, మధ్యయుగాల జర్మన్ రైతు బుర్రలో ఏం జరిగిందో తెలిసినట్టే. ఆ హిమ్‌కు మంచుతో ఏ సంబంధమూ లేదు. అది ఒకప్పుడు "హింట్", ఆడజింక. ఆడజింకలు తినే పండో, అవి తిరిగే పొదల్లో కాసే పండో అయి ఉంటుంది.

మౌల్‌వుర్ఫ్ కథలో ఇంకో పాత్ర ఉంది, అది లేకపోతే ఈ మోసం ఇంత నున్నగా కుదిరేది కాదు. పన్నెండో శతాబ్దం నుంచి జర్మన్‌లో, ఆల్ప్స్ పర్వతాల ఆగ్నేయ వైపు మొదలై, దీర్ఘమైన ఊకారం ఔకారంగా మారుతూ వచ్చింది. ఇల్లు హూస్ నుంచి హౌస్ అయింది, ఎలుక మూస్ నుంచి మౌస్ అయింది. నోరు మూల్ నుంచి మౌల్ అయింది. శతాబ్దాలు పట్టింది ఉత్తరానికి పాకడానికి. స్విట్జర్లాండ్ పల్లెల్లోకి అసలు పాకనే లేదు, అక్కడ ఇంటిని ఇప్పటికీ హూస్ అనే అంటారు. ఈ మార్పు మాటలను ఒక్కొక్కటిగా ఎంచుకోదు. గేటు తీస్తే మంద మొత్తం దాటినట్టు, మూల్ అనే శబ్దం ఉన్న ప్రతి మాటా మౌల్ అయిపోయింది. నోరు అనే మూల్, అద్దెకొచ్చిన మూల్, అన్నీ కలిసే దాటాయి. అప్పటిదాకా ఎవరికైనా అనుమానం ఉండి ఉంటే అది కూడా ఆ గేటు దగ్గరే పోయింది.

అలా దాటినవాటిలో కంచర గాడిద ఒకటి. జర్మన్‌లో మౌల్‌టీర్. "టీర్" అంటే జంతువు. నోటి జంతువా? లాటిన్‌లో కంచర గాడిదను మూలుస్ అనేవారు, రోమన్ల నుంచి ఆ పేరే పాత జర్మన్‌లోకి మూల్‌గా వచ్చింది. అర్థం స్పష్టంగా ఉండాలని దానికి "జంతువు" తగిలించారు. తర్వాత మూల్ మౌల్ అయింది. మల్బరీ పండు మరొకటి, జర్మన్‌లో మౌల్‌బేర. నోటి పండు అంటే వినడానికి బాగానే ఉంది, పండు వెళ్ళేది నోట్లోకే కదా. అయితే అసలు మాట లాటిన్ మోరుమ్. పాత జర్మన్‌లో మూర్‌బెరి లాంటి రూపం. ఒకే మాటలో రెండు రకారాలు పలకడానికి నాలుక మొరాయించి మొదటిదాన్ని లకారం చేసింది, మూల్‌బేర్ అయింది. ఇంగ్లీషు మల్బరీలోనూ అదే లకారం. హిందూపురం వైపు పట్టుపురుగుల కోసం ఆకు కోసే రైతు "మల్బరీ తోట" అన్నప్పుడు, ఎప్పుడో ఐరోపాలో తడబడ్డ నాలుక గుర్తు ఆ లకారంలో ఉంది.

మూడు మౌల్‌లు. ఒకటి కుప్ప, ఒకటి రోమన్ల గాడిద, ఒకటి రోమన్ల పండు. ఏ ఒక్కదానిలోనూ పుట్టుకతో నోరు లేదు. అలాగని మౌల్ కనబడిన ప్రతిచోటా అనుమానపడనక్కర్లేదు. కుక్క మూతికి కట్టే బుట్ట మౌల్‌కోర్బ్‌లో ఉన్నది నిజమైన నోరే. పశువులకు వచ్చే గాలికుంటు వ్యాధిని జర్మన్‌లో "నోటి, గిట్టల తెగులు" అంటారు, అందులోని మౌల్ కూడా అసలు సిసలు నోరే. పైకి చూస్తే ఐదూ ఒకటే. తేడా తెలియాలంటే పాత రాతల్లోకి దిగాల్సిందే.

ధ్వనిమార్పు నియమం ఇక్కడ మోసానికి తోడ్పడింది. ఇంకో మాటలో అదే దొంగను పట్టించింది. జర్మన్‌లో శ్మశానాన్ని ఫ్రీడ్‌హోఫ్ అంటారు. "ఫ్రీడ" అంటే శాంతి, "హోఫ్" అంటే ఆవరణ. చనిపోయినవాళ్ళు శాంతిగా నిద్రించే ఆవరణ, ఇంతకన్నా అందమైన విగ్రహవాక్యం ఉండదు. కానీ పాత రూపం ఫ్రీట్‌హోఫ్, అర్థం చర్చి చుట్టూ కంచె వేసి కాపాడిన స్థలం. ఊకారం ఔకారమైన కాలంలోనే దీర్ఘ ఈకారం ఐకారమైంది. మీన్ మైన్ అయింది, వీన్ వైన్ అయింది. ఆ లెక్కన ఫ్రీట్‌హోఫ్ ఈపాటికి ఫ్రైట్‌హోఫ్ కావాలి. బవేరియా, ఆస్ట్రియా మాండలికాల్లో నిజంగానే అలా అయింది, అక్కడి పాతకాలపు వాళ్ళ నోట ఫ్రైట్‌హోఫ్ వినబడుతుంది. ప్రామాణిక భాషలో మాత్రం మారకుండా ఆగిపోయింది. ఎవరో చేయి అడ్డుపెట్టారు, ఆ చేయి పేరు "శాంతి". ఫ్రీడ అనే మాటలో అప్పట్లో ఉన్నది హ్రస్వమైన ఇకారం, అందుకే అది ఆ మార్పుకు దొరకలేదు, తర్వాతెప్పుడో దీర్ఘమైంది. జనం శ్మశానంలో శాంతిని వినడం మొదలుపెట్టాక ఆ మాట ఫ్రీడ వెంట నడిచింది. నిజానికి "కంచె వేసి కాపాడు", "శాంతి" రెండూ చాలా వెనక్కి వెళ్తే దూరపు చుట్టాలే. కాబట్టి ఇది పూర్తి అబద్ధం కూడా కాదు, తప్పు గుమ్మంలోంచి సరైన ఇంట్లోకి వెళ్ళడం లాంటిది.

గుమ్మం అంటే గుర్తొచ్చింది, మౌల్‌వుర్ఫ్‌కు సరిగ్గా తిరగేసిన మాట తెలుగులోనే ఉంది: వాకిలి. తమిళంలో వాయ్ అంటే నోరు, వాయిల్ అంటే ద్వారం. మన వాకిలి, కన్నడం బాగిలు ఆ కుటుంబంవే. తెలుగులో కూడా వాయి అంటే నోరే, కావ్యాల్లో పెదవిని వాతెర అన్నది అందుకే. ఆ మాట ఇప్పుడు మన నోళ్ళలో లేదు. వాకిట్లో ముగ్గు వేసేవాళ్ళలో ఎవరికీ అందులో నోరు వినబడదు. జర్మన్ మాటలో నోరు కనబడుతుంది గానీ లేదు, తెలుగు మాటలో ఉంది గానీ కనబడదు.

మౌల్‌టీర్‌లో "జంతువు" తగిలించినట్టు, అర్థం మసకబారిన మాటకు వివరణగా మరో మాట కట్టడం జర్మన్‌కు పాత అలవాటు. వేటకుక్కల్లో వేగంగా పరిగెత్తే జాతిని పాత జర్మన్‌లో "వింట్" అనేవారు. ఆ పేరు తెలియని తరం వచ్చాక "కుక్క" కలిపి వింట్‌హుంట్ చేశారు. ఇప్పుడు విన్నవాళ్ళంతా అందులో "గాలి"ని వింటారు, గాలిలా పరిగెత్తే కుక్క అని. మనం ఏటీఎం మెషిన్ అంటున్నది కూడా ఈ బాపతే, ఏటీఎంలో చివరి అక్షరం అప్పటికే మెషిన్.

ఈ వరసలోకే ఒక తెలుగు మాట వెళ్ళి చేరింది. మన పందికొక్కును ఇంగ్లీషువాళ్ళు పద్దెనిమిదో శతాబ్దంలో బాండికూట్ చేశారు. 1873లో జంతుశాస్త్రజ్ఞుడు జాన్ ఎడ్వర్డ్ గ్రే ఆ ప్రజాతికి బాండికోటా అని పేరు పెట్టడంతో తెలుగు మాటకు లాటిన్ వేషం కూడా వచ్చింది. జర్మన్‌లో దాన్ని బాండికూట్‌రాట అంటారు. "రాట" అంటే ఎలుక. పంది లాంటి కొక్కు అని తెలుగు పిల్లవాడికి కూడా తెలిసిన సమాసం అక్కడ అతుకు కనబడని ఒకే ముద్ద అయిపోయింది, దానికి అర్థం చెప్పడానికి "ఎలుక"ను పక్కన కట్టాల్సి వచ్చింది. అందులో ఎలుక రెండుసార్లుందని, పంది ఒకటి లోపల నక్కి ఉందని జర్మన్ పాఠకుడికి తెలిసే దారే లేదు. మౌల్‌వుర్ఫ్ లోపలి కుప్ప అతనికి ఎంత కనబడదో ఇదీ అంతే. అన్నట్టు పందికొక్కు కూడా బొరియ తవ్వి మట్టి కుప్ప పోసే జంతువే.

ఇలా జనం మాటలను తిరగరాసుకోవడానికి 1852లో ఎర్నెస్ట్ ఫెర్‌స్టెమాన్ అనే లైబ్రేరియన్ ఒక పేరు పెట్టాడు, జనవ్యుత్పత్తి అని తెలుగు చేసుకోవచ్చు. అతని జర్మన్ మాట కూడా సమాసమే, ఫోల్క్స్‌ఎటిమొలొగీ. ఇదే మనిషి తర్వాత డ్రెస్‌డెన్ లైబ్రరీలో ఉన్న మాయా నాగరికత గ్రంథాన్ని ముందేసుకుని వాళ్ళ పంచాంగం లెక్కలు విప్పాడు. అర్థం తెలియని గుర్తుల్లో అర్థం వెతకడం అతనికి జీవితాంతం వదల్లేదు.

పేరులో "జన" ఉంది కాబట్టి ఇదేదో చదువులేనివాళ్ళ పొరపాటు అనిపిస్తుంది. ఆ అభిప్రాయం సరైంది కాదు. నోవహు కాలపు జలప్రళయాన్ని జర్మన్‌లో జింట్‌ఫ్లూట్ అంటారు. పాత "జిన్" అంటే అంతటా వ్యాపించిన, ఎడతెగని అని. ఎడతెగని వరద. ఆ "జిన్" చచ్చిపోయాక అక్కడ "జ్యుండ", అంటే పాపం, వినబడింది. పాపాలకు శిక్షగా వచ్చిన వరదే కదా! పాపపు వరద అనే రూపం శతాబ్దాలపాటు చర్చిలో, పుస్తకాల్లో దర్జాగా తిరిగింది, చివరకు పాత రూపమే ప్రామాణికంగా నిలిచింది. లాటిన్ చదువుకున్న మతగురువులకు ఆ పాపపు అర్థం పనికొచ్చింది కూడా. మన దగ్గర తెలుగు అనే పేరును త్రిలింగం నుంచి తెచ్చి శ్రీశైలం, కాళేశ్వరం, ద్రాక్షారామం మధ్య నిలబెట్టినవాళ్ళు పామరులేమీ కారు, సంస్కృత పండితులు. ఆ వ్యుత్పత్తిని నేటి భాషాశాస్త్రవేత్తల్లో ఎక్కువమంది ఒప్పుకోరు, దేశి పేరుకు తర్వాత వేసిన సంస్కృత వేషం అంటారు. చదువు ఎక్కువైనప్పుడు జనవ్యుత్పత్తి మరింత గట్టిపడుతుంది, అంతే తేడా.

పరాయి మాటలకు జరిగేది ఇంకా విచిత్రం. రోమన్ల ఆర్కుబల్లిస్త, అంటే విల్లులా పనిచేసే విసురు యంత్రం, ఫ్రెంచివాళ్ళ మీదుగా జర్మన్ సైనికుల దగ్గరికి వచ్చేసరికి ఆర్మ్‌బ్రుస్ట్ అయింది. వినడానికి "చెయ్యి, ఛాతీ". 1492 తర్వాత స్పెయిన్ నావికులు కరీబియన్ దీవుల్లో చూసిన వల ఊయలను అక్కడి తైనో జనం హమాక అనేవారు. ఇంగ్లీషు హ్యామక్ కాస్త మర్యాదగా ఆ పేరు దగ్గరే ఉంది. డచ్చి ఓడల్లో అది "వేలాడే చాప" అనిపించే హంగ్‌మాట్ అయింది, జర్మన్‌లో హెంగెమాట. రెండు ముక్కలూ జర్మన్‌లో రోజూ వాడే మాటలే, అర్థం నూటికి నూరుపాళ్ళు సరిపోతుంది, పుట్టుకతో మాత్రం పూచిక పుల్లంత సంబంధం లేదు. అర్థం సరిగ్గా కుదిరిందంటే వ్యుత్పత్తి సరైనదేనని వాదించేవాళ్ళకు ఈ ఒక్క మాట చాలు. మన ఆసుపత్రి కూడా విదేశీ హాస్పిటల్‌కు తెలుగు రూపమే. చివర పత్రి కనబడుతోంది కదా అని ఆకుపసరు వైద్యం నుంచి ఎవరైనా కథ అల్లితే అది ముచ్చటగానే ఉంటుంది, అంతవరకే.

మరి తప్పు వ్యుత్పత్తి వల్ల మాటకు నష్టమేమైనా ఉందా? మౌల్‌వుర్ఫ్‌ను చూస్తే లేదనే చెప్పాలి. రోజువారీ వాడుకలో ఎవరూ దాన్ని విడగొట్టి వినరు. ఆ 1852లోనే మార్క్స్ విప్లవాన్ని ముసలి మౌల్‌వుర్ఫ్‌తో పోల్చి, బాగా తవ్వావు అని మెచ్చుకున్నాడు. ఆ పోలికకు మూలం షేక్‌స్పియర్ నాటకంలో నేల కింది నుంచి మాట్లాడే దయ్యం. అక్కడ పనిచేసింది కంటికి కనబడకుండా తవ్వడం, నోరూ కాదు, విసురూ కాదు. శత్రువుల సంస్థలో ఏళ్ళ తరబడి నమ్మకంగా పనిచేస్తూ రహస్యాలు చేరవేసే గూఢచారిని ఇప్పుడు జర్మన్‌లో మౌల్‌వుర్ఫ్ అంటారు, ఇంగ్లీషు మోల్‌ను చూసి తెచ్చుకున్న అర్థం అది. అలాంటివాడి గొప్పతనమంతా నోరు మూసుకుని ఉండడంలోనే ఉంది.

తోటలో లేచిన ఆ మట్టి కుప్పను ఏమంటారన్నది ఒక్కటే మిగిలింది. జర్మన్‌లో కుప్పకు ఇప్పుడున్న మాట హౌఫెన్. మౌల్‌వుర్ఫ్ పోసిన కుప్ప కాబట్టి మౌల్‌వుర్ఫ్స్‌హౌఫెన్. పన్నెండు వందల ఏళ్ళ కింద ఈ మాట మొదటి అక్షరంలో ఉండి, వాడేవాళ్ళు మరిచిపోగా నోరుగా మారిపోయిన కుప్పను, ఇప్పుడు మళ్ళీ తెచ్చి చివర కట్టారు.